కార్డు వుంది, పేరు లేదు: ఆరోగ్య బీమా గురించి కూలీలు తెలుసుకోవలసిన సంగతులు

2023 ఫిబ్రవరి నెల. పల్నాడులో మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. తెల్లవారుజామున కూలీలను ఎక్కించుకుని పోతున్న ట్రాక్టరు ట్రక్కు కాలవ మలుపులో ఒరిగింది. ఇరవై మందికి పైగా ఆడకూలీలు వున్నారందులో. చాలామందికి చెక్కుకుపోయిన గాయాలే గానీ, ఒకమ్మాయికి మాత్రం తుంటి దగ్గర ఎముక విరిగింది. పెళ్ళయి మూడేళ్ళు, చంకలో పిల్ల. మా పేట కోడలే.

సంఘం తరఫున నేనూ వెంట వెళ్ళాను. ధీమాగానే వెళ్ళాను. ఆ ఇంటికి బియ్యం కార్డు వుంది, ఆరోగ్యశ్రీ వుంది, ఇక భయం దేనికనుకున్నాను. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కార్డు నంబరు కొట్టి చూశారు. మామ పేరు వుంది. అత్త పేరు వుంది. భర్త పేరు వుంది. ఆమె పేరు లేదు.

జరిగిందేమిటంటే, పెళ్ళయిన కొత్తలో ఆ అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో వుండేది. అత్తగారింటి కార్డులో ఎక్కాలంటే అక్కడ తీసేయాలి. "ముందు అక్కడ తీయించండమ్మా" అని చెప్పినవాణ్ణి నేనే. తీయించారు. ఇక్కడ చేర్చటానికి అర్జీ పెట్టారో లేదో, పెడితే ఏమయిందో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. మూడేళ్ళు ఆ పిల్ల ఏ కార్డులోనూ లేకుండా బతికింది. ఇంట్లో మనిషి పెరిగినా బియ్యం పెరగలేదని అత్త సణుగుతూ వుండేదట. ఆ పేరుతో పాటు ఆసుపత్రి మంచం కూడా పోయిందని ఎవరికి తెలుసు?

పెద్దాసుపత్రికి తీసుకుపోదామంటే దూరం. నొప్పికి ఆ పిల్ల అరుస్తోంది. అక్కడే ఆపరేషన్ చేయించారు. 80 వేలు అయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు 2,400 రూపాయలు వడ్డీయే. రోజుకూలి 300 వేసుకుంటే నెలలో ఎనిమిది రోజుల కష్టం వడ్డీకే సరి. అసలు అట్లాగే వుంటుంది.

తప్పు సర్కారుదా, సచివాలయానిదా అని మేము చాలాసేపు వాదించుకున్నాం. మా తప్పు కూడా వుంది. కూలిరేట్ల మీద, ఇళ్ళస్థలాల మీద మీటింగులు పెట్టినంతగా ఈ కార్డుల సంగతి మేము పట్టించుకోలేదు. "అది సర్కారు వోట్ల కోసం ఇచ్చేది, మనకెందుకు" అన్నట్టు వదిలేశాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. సంఘం రాత్రి పాఠశాలలో పేపరు చదవటం నేర్చుకున్నాను. సర్కారు ఉత్తర్వులు మూడు నాలుగుసార్లు చదివితే గానీ నాకు బోధపడవు. నాకు బోధపడిన మేరకు చెబుతాను.

బీమా అంటే ఏమిటి?

నాట్ల ముఠాలో ముప్పై మంది వున్నారనుకోండి. సీజనులో తలా వంద వేసి మేస్త్రి దగ్గర వుంచారు. ఎవరికి జబ్బు చేస్తే ఆ డబ్బు వాళ్ళకు. జబ్బు చేయనివాళ్ళు తిరిగి అడగరు. బీమా అంటే మూలంలో ఇంతే. మనలో ఎవరు పడిపోతారో ముందు తెలియదు గనుక అందరూ కలిసి మోయటం.

అయితే ఆ డబ్బు ఎవరి చేతిలో వుందన్నది అసలు ప్రశ్న. మేస్త్రి చేతిలో వుంటే, మిగిలింది వచ్చే సీజనుకు వుంటుంది. కంపెనీ చేతిలో పెడితే, మిగిలింది దాని లాభం. అప్పుడు కంపెనీకి మన వైద్యం ఖర్చు అవుతుంది, మనకు వైద్యం దొరక్కపోవటం లాభం అవుతుంది. మన పథకాల్లో రెండు పద్ధతులూ వున్నాయి. సర్కారే ఒక ట్రస్టు పెట్టి ఆసుపత్రులకు నేరుగా చెల్లించటం ఒకటి. మన తరఫున కంపెనీకి ప్రీమియం కట్టి, ఆసుపత్రులకు కంపెనీ చేత చెల్లించటం రెండోది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది బీమా కంపెనీతోనే. తర్వాత ట్రస్టుకు మళ్ళింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మళ్ళీ రెండిటినీ కలిపిన పద్ధతికి ఆమోదం తెలిపింది. మొదటి రెండున్నర లక్షల వరకు కంపెనీలు, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు. చిన్న జబ్బులూ మధ్యరకం ఆపరేషన్లూ ఎక్కువగా ఆ రెండున్నర లక్షల లోపే వుంటాయి. అంటే మన కూలీల కేసుల్లో చాలా భాగం కంపెనీ బల్ల మీదికే పోతాయన్నమాట. దీన్ని కళ్ళల్లో వత్తులేసుకుని చూడాలి.

పథకాలు, వాటి పేర్లు

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టారు. మూడూ కరువూ వలసా వున్న జిల్లాలే. 2008 నాటికి రాష్ట్రమంతా వచ్చింది. అప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. అదే 2008లో కేంద్రం తన బీమా పథకం తెచ్చింది. 30 రూపాయలు కట్టి కార్డు తీసుకోవాలి, ఐదుగురున్న కుటుంబానికి 30 వేల దాకా వైద్యం. దాని స్థానంలో 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని ఆయుష్మాన్ భారత్‌ను ప్రారంభించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. దేశం మొత్తం మీద 10 కోట్ల 74 లక్షల కుటుంబాలకు అన్నారు. ఖర్చులో కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40 పాళ్ళు.

మన రెండు రాష్ట్రాల్లో కేంద్ర పథకాన్ని రాష్ట్ర పథకంతో కలిపి నడుపుతున్నారు. తెలంగాణ 2021లో చేరింది. 2023 డిసెంబరులో అక్కడ పరిమితిని 10 లక్షలు చేశారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలు చేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేరు ఎన్నిసార్లు మారినా మన జనం నోట అది ఆరోగ్యశ్రీయే. గోడ మీద బొమ్మలు మారుతుంటాయి, వాటితో మనకు పనిలేదు. కంప్యూటరులో మన పేరు వుందా లేదా అన్నదే మనకు కావలసింది.

ఎవరి పేరు ఎక్కడ వుంటుంది?

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా పొరబడుతున్నారు. రెండు జాబితాలు వున్నాయి. రెండూ వేరు.

కేంద్రం జాబితాకు ఆధారం 2011లో జరిగిన సామాజిక ఆర్థిక కులగణన. పల్లెల్లో ఎవరిని చేర్చారంటే: ఒకే గది, మట్టి గోడలు, కచ్చా పైకప్పు వున్న ఇల్లు, పదహారు నుంచి యాభైతొమ్మిదేళ్ళ మధ్య పెద్దమనిషి లేని ఇల్లు, ఆ వయసు మగమనిషి లేక ఆడమనిషి నెట్టుకొస్తున్న ఇల్లు, వికలాంగులుండి పనిచేయగల పెద్దవాళ్ళు లేని ఇల్లు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, సెంటు భూమి లేక కూలి మీదే బతికే కుటుంబాలు. వీటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలు. గూడు లేనివాళ్ళూ, వెట్టి నుంచి విడుదలైనవాళ్ళూ వీటితో నిమిత్తం లేకుండానే వస్తారు. భూమి లేక ప్రధానంగా కాయకష్టం మీదే బతికే కుటుంబాలు దేశంలో 5 కోట్ల 37 లక్షలని ఆ లెక్కలోనే తేలింది. పల్లెల్లో వున్న కుటుంబాల్లో నూటికి ముప్పై. అంటే మనమే.

కాగితం మీద బాగానే వుంది. కానీ ఆ లెక్క తీసింది 2011లో. లెక్క తీసినవాళ్ళు వచ్చిన నాడు వలసలో వున్న కుటుంబం గతేమిటి? ఆ తర్వాత వేరుపడి కాపురం పెట్టిన కొడుకు గతేమిటి? 2022లో కేంద్రం ఈ సంఖ్యను 12 కోట్ల కుటుంబాలకు పెంచింది గానీ, ఎవరి పేరు ఎక్కిందో ఎవరి పేరు ఎక్కలేదో ఊరికి వచ్చి చెప్పినవాళ్ళు లేరు. 2023లో కాగ్ నివేదిక ఒక చోద్యం బయటపెట్టింది. ఒకే ఒక్క ఫోన్ నంబరు కింద 7 లక్షల 49 వేల మందికి పైగా పేర్లు నమోదై వున్నాయట! పది తొమ్మిదులు వేసి వదిలేశారు. ఒకవైపు ఇట్లాంటి నమోదు, మరోవైపు తుంటి విరిగిన కోడలి పేరు లేదు.

రాష్ట్ర పథకానికి ఆధారం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు వుంటే అర్హత వుంది. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఆధారంగా నడుస్తూ వచ్చింది. అక్కడ ఏళ్ళ తరబడి కొత్త కార్డులు సరిగా ఇవ్వక, 2025లో గాని పెద్ద ఎత్తున పంచలేదు. ఆ మధ్యకాలంలో పెళ్ళయినవాళ్ళు, పుట్టిన పిల్లలు ఎందరు వైద్యానికి దూరమయ్యారో ఊహించుకోవచ్చు.

ఈ పథకాలకు కుటుంబంలో ఇంతమందే అన్న పరిమితి లేదు. ముసలివాళ్ళని తీసేయటం లేదు. ఇదివరకే వున్న జబ్బయినా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కానీ పేరు వుండాలి. కార్డు వున్నంత మాత్రాన సరిపోదు. ఇంట్లో ప్రతి మనిషి పేరూ అందులో వుండాలి, ఆధార్‌లో వున్న పేరుతో కలవాలి. ముఖ్యంగా ఈ నలుగురిని చూడండి: కొత్త కోడలు, ఐదేళ్ళ లోపు పిల్లలు, వేరుపడిన కొడుకు, కొడుకుల మధ్య వంతులు తిరిగే తల్లి. పేరు చేర్చటానికి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలోనూ, తెలంగాణలో మీసేవలోనూ అర్జీ పెట్టుకోవాలి. రసీదు లేకుండా ఇంటికి రావద్దు. నెల పోయాక మళ్ళీ పోయి ఎక్కిందో లేదో అడగాలి. అర్జీ పెట్టాం కదా అని వూరుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను.

ఏది ఆరోగ్య కార్డు కాదు?

మొన్న ఒక మీటింగులో మీ ఆరోగ్య కార్డులు చూపించండి అన్నాను. ఒకాయన ఈ-శ్రమ్ కార్డు చూపించాడు. ఒకావిడ ఉపాధి పని కార్డు తీసింది. ఇంకొకాయన, "మేము బ్యాంకులో ఏటా 20 రూపాయలు కడుతున్నాం కదన్నా, ఆసుపత్రికి అది చాలదా?" అన్నాడు. చాలదు. ఆ 20 రూపాయలది ప్రమాద బీమా. ప్రమాదంలో మనిషి పోయినా, శాశ్వతంగా అవిటివాడయినా వచ్చే డబ్బు. 436 రూపాయలది మనిషి పోతేనే వచ్చేది. జ్వరానికీ ఆపరేషనుకూ రెండూ పనికిరావు. కట్టవద్దని చెప్పటం లేదు, అది వేరు ఇది వేరు అని చెబుతున్నాను. ఈ-శ్రమ్ 2021లో మొదలైన అసంఘటిత కార్మికుల నమోదు, వైద్యం కార్డు కాదు.

మరీ మోసం చేసేది ఇంకొకటుంది. ఆయుష్మాన్ కార్డని, ఆభా కార్డని రెండు వున్నాయి. పేర్లు ఇంచుమించు ఒకటే. ఆభా అంటే మన జబ్బుల వివరాలు, పరీక్షల కాగితాలు దాచుకునే పద్నాలుగు అంకెల నంబరు. అది ధనికుడికీ వస్తుంది, పేదకీ వస్తుంది. దాంతో ఒక్క రూపాయి వైద్యం జరగదు. మా ఊళ్ళో ఆభా కార్డు లామినేషన్ చేయించుకుని దేవుడి పటం వెనక దాచిపెట్టుకున్నవాళ్ళు వున్నారు. వైద్యానికి పనికొచ్చేది ఆయుష్మాన్ కార్డు, లేదా రాష్ట్ర పథకంలో నమోదు.

డెబ్బై ఏళ్ళు నిండిన వాళ్ళకు 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రత్యేకంగా వయ వందన కార్డు ప్రారంభించింది. దీనికి ఆదాయంతో పనిలేదు. కుటుంబానికి ముందే ఆయుష్మాన్ వుంటే, ఇంట్లో డెబ్బై దాటిన వాళ్ళకు మరో 5 లక్షలు విడిగా వుంటుంది. వయసు మాత్రం ఆధార్ ప్రకారమే. మన ముసలివాళ్ళ ఆధార్ వయసు మీకు తెలియనిదేముంది? కేంద్రానికి పోయిన నాడు అక్కడున్న కుర్రాడు మొహం చూసి ఎంత వేస్తే అంత. దివిసీమ ఉప్పెన నాటికే ముగ్గురు పిల్లలున్న పెద్దమ్మకు ఆధార్‌లో అరవై మూడేళ్ళు! ఆ ఉప్పెన వచ్చింది 1977లో. మీరే లెక్కవేయండి. కనీసం ఇప్పుడైనా ఏ కాగితం దొరికితే ఆ కాగితంతో సరిచేయించాలి.

బల్ల దగ్గర ఏం అడగాలి?

ప్రతి ఆసుపత్రీ ఈ పథకంలో వుండదు. వున్న ఆసుపత్రిలో కూడా ప్రతి జబ్బూ వుండదు. కాబట్టి పోయేముందే 104కు ఫోన్ చేసి, ఫలానా జబ్బుకు దగ్గరలో ఏ ఆసుపత్రి అని అడగండి. ఆయుష్మాన్ గురించి అయితే 14555. అత్యవసరమైతే 108 పిలవండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని పోతే కాగితం చేతిలో వుంటుంది. ఆర్‌ఎంపీ డాక్టరు చెప్పిన ఆసుపత్రికే గుడ్డిగా పోవద్దు. ఆయనకు అక్కడేమి ముడుతుందో మనకు తెలియదు.

ఆసుపత్రిలో అడుగు పెట్టగానే డబ్బు కట్టే కిటికీ దగ్గరికి కాదు, ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోవాలి. ఇదొక్కటి గుర్తుంచుకోండి. "ముందు అడ్వాన్సు కట్టండి, తర్వాత ఆరోగ్యశ్రీలో పెడతాం" అంటే ఒప్పుకోవద్దు. ఒకసారి డబ్బు కట్టే రోగిగా పేరు రాయించుకుంటే, తర్వాత పథకంలోకి మార్చటం తలప్రాణం తోకకు వస్తుంది. ఆసుపత్రి మన కాగితాలు పైకి పంపి ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. ప్రాణం మీదికొస్తే ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే ఏర్పాటు వుంది. అనుమతి వచ్చిన వైద్యానికి మందులు, పరీక్షలు, మంచం, తిండి అన్నీ అందులోవే. ఇంటికి పంపేటప్పుడు మందులు ఇవ్వాలి. ఆయుష్మాన్‌లో అయితే పదిహేను రోజుల మందుల ఖర్చు దాకా వుంది. మన రాష్ట్ర పథకంలో దారిఖర్చు కూడా ఇవ్వాలని వుంది. ఎంతమంది ఇస్తున్నారు? అడిగినవాళ్ళకే ఇస్తున్నారు.

"ఈ ఇంజక్షను ఇందులో రాదు, బయట కొనుక్కు రండి" అంటే చీటీ మీద రాసి ఇమ్మనండి. రాసిమ్మంటే సగం మంది వెనక్కి తగ్గుతారు. కాగితం ఏదీ పారేయవద్దు. పేరు లేక డబ్బు కట్టవలసి వచ్చిన వాళ్ళకు ముఖ్యమంత్రి సహాయ నిధి వుంది. అసలు బిల్లులు లేకపోతే అదీ రాదు. మా పేట కోడలికి సగం బిల్లులు పోయాయి. మిగిలిన వాటి మీద కొంత వచ్చింది, అప్పులో అది ఒక మూలకు కూడా రాలేదు.

ఇంకో సంగతి. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బలు తగిలిన ఎవరికైనా, కార్డుతో పనిలేకుండా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా వైద్యం ఉచితంగా అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. పోలీసులకు తెలియజేయటం ముఖ్యం. కూలీల ట్రాక్టరు ఒరిగితే "రైతు మంచివాడు, కేసెందుకు" అని మనమే పోలీసు కాగితం లేకుండా చేసుకుంటున్నాం. రైతు మంచివాడే కావచ్చు, ఆసుపత్రి బిల్లు మంచిది కాదు.

వలస పోయినవాళ్ళు

మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా గుంటూరు, పల్నాడు ఊళ్ళకు దిగుతాయి. చేల గట్ల మీద గుడారాలు, పిల్లలు అక్కడే. వీళ్ళు కార్డులు ఇంటి దగ్గర దాచిపెట్టి వస్తారు, పోతాయని భయం. ఒకే రాష్ట్రం గనుక ఏ జిల్లాలోనైనా వైద్యం చేయించుకోవచ్చు. కార్డు నంబరు, ఆధార్ నంబరు తెలిస్తే కంప్యూటరులో దొరుకుతుంది. అందుకని మేస్త్రి తన పుస్తకంలో ఒక్కొక్కరి నంబరూ రాసి పెట్టుకోవాలి. తలకు ఇంత అని కమీషను తీసుకునే మేస్త్రికి ఈ మాత్రం బాధ్యత లేదా?

రాష్ట్రం దాటితే లెక్క మారుతుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయినవాళ్ళకూ, మన దగ్గర నుంచి బళ్ళారి వైపు పోయినవాళ్ళకూ, కేంద్ర జాబితాలో పేరుంటేనే ఆయుష్మాన్ కార్డు మీద అక్కడ వైద్యం దొరుకుతుంది. రాష్ట్ర పథకంలో మాత్రమే వున్నవాళ్ళకు బయట దొరికేది తక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లో కొన్ని ఆసుపత్రులను చేర్చింది, అంతే. అందువల్ల వలస పోయే ముందు ఆయుష్మాన్ జాబితాలో పేరుందేమో చూపించుకుని, కార్డు తీసుకుని పోవటం మంచిది. ఆ కార్డుకు డబ్బు కట్టనక్కర్లేదు. రెండొందలు, మూడొందలు తీసుకునేవాడు దళారీ.

కార్డు పనిచేయని చోటు

ఇంతవరకు కార్డు ఎట్లా వాడుకోవాలో చెప్పాను. వాడుకోవలసిందే, వదులుకోవద్దు. కానీ ఇదే వైద్యం హక్కు అనుకుంటే మాత్రం మోసపోతాం.

కూలీ ఇంటిని కూల్చేవి ఎప్పుడూ గుండె ఆపరేషన్లే కాదు. సీజనులో వచ్చే జ్వరాలు, నడుంనొప్పి, బీపీ, షుగరు, మందు కొట్టినప్పుడు కళ్ళు తిరగటం. వీటికి ఆసుపత్రిలో మంచం ఎక్కనక్కర్లేదు. మంచం ఎక్కకపోతే ఆయుష్మాన్‌లో ఒక్క రూపాయి రాదు. నెలనెలా వచ్చే మందుల ఖర్చు, పరీక్షల ఖర్చు, ఆర్‌ఎంపీకి ఇచ్చే వందా రెండొందలు, అన్నీ మన చెంగు ముడి నుంచే. 2021-22లో దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో నూటికి 39 రూపాయల పైచిలుకు జనం జేబుల నుంచే పోయిందని సర్కారు లెక్కలే చెబుతున్నాయి. పోగొట్టుకున్న కూలి ఆ లెక్కలో లేదు.

శ్రీకాకుళం ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతంలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళు కిడ్నీలు పాడై పోతున్నారు. డయాలిసిస్‌కు పథకం డబ్బు ఇస్తుంది. కానీ వారానికి రెండు మూడుసార్లు పోవాలి. బస్సు చార్జీ ఎవరిస్తారు? తోడు పోయిన మనిషి కూలి ఎవరిస్తారు? ఏళ్ళ తరబడి ఆందోళన చేస్తే 2019లో డయాలిసిస్ రోగుల పింఛను నెలకు 10 వేలయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఇవి బీమా కార్డు వల్ల వచ్చినవి కావు, జనం అడిగితే వచ్చినవి.

ఆడకూలీలకు మరో మాట, దాచకుండా చెబుతున్నాను. కార్డు వుందని తెలిస్తే మన శరీరాన్ని డబ్బుగా చూసేవాళ్ళు వున్నారు. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్ళలో మన దగ్గరా, కేంద్రం పాత పథకం కింద బీహారు, ఛత్తీస్‌గఢ్‌లలోనూ అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారన్న గొడవ పెద్దదయింది. ఇది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, ఈ ఆపరేషన్ల మీద నిఘాకు కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. నడుంనొప్పి, తెల్లబట్ట అని పోతే "సంచి తీసేస్తే సరి, కార్డు మీద ఉచితం" అన్నారంటే, సర్కారు ఆసుపత్రిలో మరో డాక్టరమ్మకు చూపించుకోకుండా వేలిముద్ర వేయవద్దు. మూడు పదుల వయసులో సంచి పోయి, వంగి నాటు వేయలేకపోతున్న చెల్లెళ్ళను నేను చూశాను.

ఇక ప్రైవేటు ఆసుపత్రుల సంగతి. సర్కారు బకాయిలు చెల్లించలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ పథకంలోని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపాయి. బకాయి సర్కారుది, పట్టుదల యాజమాన్యాలది, గేటు బయట మాత్రం మనం. సర్కారు ఆసుపత్రులు కూడా ఈ పథకంలో వున్నాయి. అక్కడ చేయించుకుంటే ఆ డబ్బు ఆ ఆసుపత్రికే వస్తుంది. కానీ అక్కడ ఎముకల డాక్టరు లేకపోతే, మత్తు డాక్టరు లేకపోతే ఎట్లా పోవటం? మైదాన ప్రాంతంలో ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐదు వేలకు ఒక ఉపకేంద్రం వుండాలని సర్కారు నియమమే. వున్నాయా, వుంటే డాక్టరు వుంటున్నారా, షుగరు మాత్రలు వుంటున్నాయా? ఇది మన సంఘాల డిమాండ్లలో కూలిరేటు పక్కనే వుండాలి.

1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని చెప్పింది. 1948లో ఫ్యాక్టరీ కార్మికులకు ఇఎస్ఐ చట్టం వచ్చింది. అందులో ఓపీ వుంది, మందులు వున్నాయి, జబ్బుపడ్డ రోజులకు జీతంలో భాగం వుంది, కాన్పుకు సెలవు డబ్బు వుంది. పొలంలో పనిచేసేవాడు ఆ చట్టంలోకి రాలేదు.  ఆయుష్మాన్‌లో 5 లక్షలు కావచ్చు, రాష్ట్రంలో 25 లక్షలు కావచ్చు, ఆ అంకెల్లో ఒక్క రోజు కూలి కూడా లేదు.

మా మండలంలో ఈ సీజను కోతలు మొదలయ్యేలోగా పేటపేటకూ తిరిగి కార్డులు చూడాలని సంఘంలో నిర్ణయించాం. నోటు పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇంట్లో మనుషులు ఒకవైపు, కార్డులో పేర్లు ఒకవైపు. రెండూ కలవని చోట ఎర్ర సిరా. ఆ పుస్తకం రాస్తున్నది తుంటి విరిగిన ఆ అమ్మాయే. ఆమె పదో తరగతి చదివింది. ఇప్పుడు ట్రక్కు ఎక్కి కోతకు పోలేదు, ఎక్కువసేపు కింద కూర్చోలేదు, కుర్చీ మీద కూర్చుని రాస్తుంది. తన పేరు కార్డులోకి ఎక్కటానికి ప్రమాదం తర్వాత ఏడు నెలలు పట్టింది. మొదటి వీధిలోనే ఎర్ర సిరా పడిన పేజీలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో రెండు మా సంఘం నాయకుల ఇళ్ళవి.